ఎక్కడికని అడగని పడవ

అప్పడాల తట్ట నెత్తిన పెట్టుకుని, మాసిన తలపాగా కనుబొమల దాకా దించుకుని, శంఖద్వీపపు రాజకుమారుడు సింధుకేతుడు పొద్దు వాలే వేళకు రేవులోకి దిగాడు. హంసతూలికా తల్పాల మీద పెరిగినవాడికి అప్పడాలమ్ముకునే యోగం ఎందుకు పట్టిందంటారా? అడిగారు కాబట్టి చెబుతాను. ఆ రాజ్యంలో అయితే ఆ పాటి అడగడానికి కూడా గుండెధైర్యం ఉండాలి.

సింధుకేతుడికి ఒక్కగానొక్క చెల్లెలు మందారిక. ఆ పిల్లకు పుట్టినప్పటి నుంచీ నోరు ఊరుకోదు. పదిమంది తలలూపే చోట తనొక్కతే ప్రశ్న వేస్తుంది. పోయిన వసంతంలో మహారాజు సపరివారంగా సముద్రయానం చేస్తుండగా, నావ కేతకీద్వీపం పక్కగా పోతోంది. మందారిక తండ్రి ఉత్తరీయం పట్టుకుని, "నాన్నగారూ, ఇంతకీ మనం ఎక్కడికి వెళుతున్నాం?" అనేసింది. మంత్రులు చెవులు మూసుకున్నారు. సేనాపతి కత్తి జారవిడిచాడు.

ప్రయాణమైనవాళ్ళను ఎక్కడికని అడగకూడదని మన ఇళ్ళలోనూ అంటారు. అడిగితే పెద్దవాళ్ళు కసురుతారు, కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళమంటారు. అక్కడితో సరి. శంఖద్వీపంలో అలా కాదు, అది రాజద్రోహంతో సమానమైన నేరం. సింధుకేతుడి ముత్తాత మహేంద్రకేతుడు యుద్ధానికి బయలుదేరుతుంటే, కోట గుమ్మంలో పూలమ్మే ముసలమ్మ "ఎక్కడికి బాబూ?" అందట. ఆ యుద్ధంలో ఆయన చిత్తుగా ఓడిపోయాడు. శత్రువు తూర్పున ఉంటే ఆయన సైన్యాన్ని పడమరకు నడిపించాడన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. తప్పంతా ముసలమ్మ నోటిదేనని తేల్చి, ఆస్థాన సలహాదారు ఒకడు రాగిరేకు మీద శాసనం చెక్కించాడు. దారిలో ఎవరు ఎక్కడికని అడిగినా, అడిగిన చోటే దింపెయ్యాలి. బండిలో అడిగితే బండి దింపాలి, పడవలో అడిగితే పడవ దింపాలి. నడిసముద్రంలో అడిగితే ఎలాగని ఎవరూ సందేహం వెలిబుచ్చలేదు. అదీ ప్రశ్నే కదా మరి!

అలా మందారికను కేతకీద్వీపంలో దింపేశారు. మహారాజు కన్నీళ్ళు ఉత్తరీయంతో ఒత్తుకుని, "శాసనం శాసనమే" అన్నాడు. దిక్కులేని ఆ పిల్ల మీద కర్పూరకంటకుడనే మాంత్రికుడి కన్ను పడింది. వాడి మంత్రంతో ఆమె ఒళ్ళు పాదాల నుంచి పైకి పగడంగా మారుతూ వచ్చింది. ఇప్పుడది గొంతు దాకా వచ్చేసింది. పున్నమి వెళ్ళి సూర్యుడు పొడిచేలోగా ఆ పిల్ల నాలుక మీద ప్రాణం పోసే జీవాకు పెట్టకపోతే పెదవులు కూడా బిగుసుకుపోతాయి, ఆ పైన దేవుడు దిగివచ్చినా లాభం లేదు. సింధుకేతుడు కొండచిలువ గుహలో దూరి ఆ ఆకు తెచ్చిన వైనం ఇదివరకే అయిపోయింది. ఇప్పుడా ఆకు తట్టలో, మిరియాల అప్పడాల దొంతి మధ్యన ఉంది. ఆ రాత్రే పున్నమి.

ఆ రేవు శోభ ఏమని వర్ణించేది! సంధ్యారాగం సాగరజలాలలో కుంకుమ కలుపుతుండగా, ముత్యపుచిప్పలు తాపిన సోపానాల మీద, కొబ్బరాకుల తోరణాల నీడన, గంధపు దివిటీలు వెలుగుతుండగా, చామరాలు వీచే చెలికత్తెలూ, రత్నకంబళ్ళు పరిచే వర్తకశ్రేష్ఠులూ, వీణలు మీటే గాయకులూ... ఇదంతా పెద్దలకు కట్టిన పందిట్లో. అవతల జనం ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటున్నారు. సముద్రుడి పెళ్ళి పండుగ సెలవులు కదా, ఊరూవాడా ప్రయాణమే. పిల్లలు ఏడుస్తున్నారు, పెద్దలు మూటలు లెక్కపెట్టుకోలేక పిల్లల్ని కొడుతున్నారు.

కర్పూరకంటకుడి కాకులు కొబ్బరాకుల మీద వాలి ప్రతి మొహాన్నీ పరికిస్తున్నాయి. రాజకుమారుడంటే వాటి లెక్కలో కిరీటం ఉండాలి. ఒక కాకి మాత్రం అనుమానంగా తట్ట మీద వాలి, పై అప్పడాన్ని కసుక్కున పొడిచింది. ఆ అప్పడంలో మిరియాలు దండిగా పడ్డాయి. కాకి తుమ్మలేక దగ్గలేక తల విదిలించుకుంటూ సముద్రం మీదుగా పారిపోయింది. దాని కళ్ళనీళ్ళు చూసి మన రాజకుమారుడికి మొదటిసారి అప్పడాల వ్యాపారం మీద గౌరవం కలిగింది.

రోజూ తిరిగే పడవలన్నీ కిక్కిరిసి వెళ్ళిపోయాయి. పండుగ రద్దీకని వేసిన అదనపు పడవ ఒక్కటే మిగిలింది. అదెటు పోతుందో అడిగితే అక్కడే దింపేస్తారు, అసలు ఎక్కనే లేదు కదా అంటే ఎక్కించి మరీ దింపుతారు. అంచేత శంఖద్వీపంలో ప్రయాణికులు మూటలు చూసి దారి పోల్చుకుంటారు. సింధుకేతుడు కూడా అలాగే చూశాడు. పడవలోకి ఎక్కుతున్న ఒక నిండైన మనిషి, పేరు వరాలమ్మ, చేతిలో ఊరగాయ జాడీ, చంకలో పులిహోర పొట్లాలు, నెత్తి మీది మూటలోంచి తొంగిచూస్తున్న మొగలిపూలు. మొగలిపూలంటే కేతకీద్వీపమే! ఒక్క గంతులో పడవెక్కేశాడు.

లంగరు ఎత్తారు. తెరచాప నిండింది. శకునాధికారి మార్జాలభట్టు ముందుభాగాన జింకచర్మం మీద ఆసీనుడయ్యాడు. ప్రతి పండుగ పడవలోనూ ఒక శకునాధికారి ఉండాలని నియమం. ఈయన చెవులు ఎంత చురుకైనవంటే, ప్రశ్న పుట్టకముందే దాని వాసన పడతాడని ప్రతీతి. భోజనం ముగించి చెవి వెనక్కి మడిచి పడుకున్నా, ఎవరైనా "ఎ..." అంటే చాలు, లేచి కూర్చుంటాడు. పాపం ఆ పడవలో ఎంకయ్య అనే ముసలాయనను పెళ్ళాం పేరుపెట్టి పిలిచిన ప్రతిసారీ ఈయన ఉలిక్కిపడుతున్నాడు.

"దూరమేనా పిన్నీ?" అన్నాడు సింధుకేతుడు, మర్యాదగా, శాసనం ఒప్పుకున్న మాటల్లో.

"దూరమే నాయనా. నువ్వూ దూరమేనా?" అంది వరాలమ్మ.

"దూరమే. అక్కడ మొగలిపొదలు ఈ ఏడు బాగా పూశాయంటారా?"

"మొగలిపొదలేంటి, నీ మొహం! అక్కడ వెతికినా ముళ్ళచెట్టు కనబడదు. ఎటు చూసినా మిరియాల తీగలే. మా చెల్లెలి అత్తవారు ఆ తీగల మీదే బతుకుతున్నారు."

"మరి ఆ మూటలో మొగలిపూలు?"

"పట్టుచీరల్లో పెడితే పురుగు పట్టదని రేవులో కొన్నాను. వాసన బాగుంది కదూ?"

వాసన ఘుమఘుమలాడుతూనే ఉంది. సింధుకేతుడికి మాత్రం కళ్ళు తిరిగాయి. ఇంతలో పక్కన కంబళి చుట్టుకుని చెమటలు కక్కుతున్న పెద్దమనిషి కలగజేసుకున్నాడు.

"మిరియాల తీగలా? మంచు పడేచోట మిరియాల తీగలెలా బతుకుతాయమ్మా?"

"మంచా!" అన్నాడు గొడుగులు కట్టలుగా కట్టుకుని కూర్చున్న ఇంకొకడు. "ఈ నెలంతా అక్కడ కుంభవృష్టి అయితేనూ!"

అందరూ ఒకరి మూట ఒకరు చూసుకున్నారు. కంబళి, గొడుగు, ఊరగాయ జాడీ, పెళ్ళిపీట, చేపల వల, బిడ్డ ఊయల. ఒక్కరికైనా అనుమానం రాలేదనుకునేరు, అందరికీ వచ్చింది. అయితే పక్కవాళ్ళంతా తప్పు పడవ ఎక్కారని వచ్చింది. పాపం, అమాయకులు అని ప్రతివాడూ మిగతావాళ్ళ మీద జాలిపడి కాళ్ళు బారజాపుకున్నాడు.

సింధుకేతుడు వెనక్కి పరిగెత్తాడు. చుక్కాని పట్టుకున్న సరంగు నూకరాజు తాపీగా తాంబూలం నములుతున్నాడు.

"సరంగుగారూ, గాలి అనుకూలంగా ఉందా?"

"ఎటెల్లినా అనుకూలమే బాబు."

"ఎటెళ్ళినా అంటే..." అన్నాడో లేదో, ముందుభాగాన మార్జాలభట్టు చెవి ఇటు తిరిగింది. సింధుకేతుడు మాట మింగేశాడు.

నూకరాజు ముందుకు వంగి గుసగుసలాడాడు. "నాను నిన్నటిదాకా వలలేసుకునేవోణ్ని. రేవు దొరగారు పిలిసి, పండగ పడవ తోలరా అన్నారు. నానడగ్గూడదు, అడక్కపోతే ఆయన సెప్పరు. జనం ఎటెల్తే అటు తోలుకెల్లమన్నారు. జనమేమో ఎక్కి కూకున్నారు. ఏటి సేత్తాను? అదిగో, ముందర పెద్ద దీపం కనబడతంది కదా, అది మంచి పడవలాగుంది. దాని ఎనకాలే పోతన్నాను. ఆ సరంగుకు తెలిసే ఉంటాది."

దూరాన నీళ్ళ మీద పచ్చటి దీపం ఒకటి ఊగుతూ పోతోంది. సింధుకేతుడు తలెత్తి చుక్కలు చూశాడు. కేతకీద్వీపం దక్షిణాన ఉంటే పడవ ఉత్తరానికి పోతోంది.

"దక్షిణానికి తిప్పండి! మా చెల్లెలి ప్రాణం పోతుంది!" అని అరిచాడు.

"దక్షిణమేంటి, తూర్పుకు తిప్పాలి" అన్నాడు కంబళి. "పడమరకండీ!" అన్నాడు గొడుగు. "మా చెల్లెలు ఉత్తరానే ఉంది నాయనా, పోనీ" అంది వరాలమ్మ. ఎవరికి వాళ్ళే చేతులు చాచి దిక్కులు చూపిస్తుంటే పడవ ఒరిగింది. చివరకు మార్జాలభట్టు లేచి తీర్పు చెప్పాడు. "మనలో మనకు ఇన్ని మాటలున్నాయి. ఆ దీపం ఒక్క మాట మీద పోతోంది. దాన్ని అనుసరించడమే శ్రేయస్కరం." అందరూ చప్పట్లు కొట్టారు. సింధుకేతుడు చుక్కాని మీదికి ఉరికాడు. కంబళీ గొడుగూ ఏకమై అతని కాళ్ళు పట్టి లాగి, పండుగపూట ఈ గొడవేంటయ్యా అని మందలించి, అప్పడాల తట్ట పక్కన కూలేశారు.

చంద్రుడు నడినెత్తి దాటి వాలసాగాడు. పచ్చదీపం దగ్గరైంది, ఇంకా దగ్గరైంది, ఆగింది. దాని వెలుగులో ఒక రేవు కనబడింది. ఆహా, ఏమి రేవు! ధవళకాంతులీనే దంతస్తంభాలు రెండు వరుసలు, వాటి నడుమ అరుణారుణమైన తివాచీ, దాని మీద మంచుబిందువుల్లాంటి తళతళలు, పైకప్పున పగడపు చెక్కడాలు. ఎవరో మహాశిల్పి కట్టాడనుకున్నారంతా. పడవ స్తంభాల మధ్యగా లోపలికి పోయి తివాచీ అంచున ఆగింది.

పట్టుశాలువా కప్పుకుని, చేతిలో పూలదండలతో, బుగ్గన కర్పూరపు తాంబూలంతో, నవ్వు మొహంతో ఒక సత్రపు యజమాని ఎదురొచ్చాడు.

"రండి రండి! మీరు రావలసిన చోటికే వచ్చారు. ఎన్నేళ్ళ నుంచో మీకోసమే ఎదురుచూస్తున్నాను."

ఎవరు రావలసిన చోటు వాళ్ళకు కనబడింది. "చెప్పానా!" అన్నాడు కంబళి గొడుగుతో. "నేను చెప్పానా!" అన్నాడు గొడుగు కంబళితో. దండలు వేయించుకుని జనం బిలబిలా దిగారు. కాళ్ళ కింద తివాచీ మెత్తగా, వెచ్చగా, జారుడుగా ఉంది. లోపలి నుంచి నీచు వాసనతో గాలి ఉండుండి వీస్తోంది. "పండుగ రద్దీ కదండీ, శుభ్రం చెయ్యడానికి తీరికుండదు" అని వాళ్ళకు వాళ్ళే సర్దిచెప్పుకున్నారు. సముద్రం వైపున్న స్తంభాల పక్కన గది కావాలని ఇద్దరు అప్పుడే తగువులాడుకుంటున్నారు. వరాలమ్మ ఒక స్తంభానికి చీర ఆరేసింది.

"తెల్లవారగానే విందు. ఎవరూ కదలక్కర్లేదు, విందే మీ దగ్గరికి వస్తుంది" అన్నాడు యజమాని చేతులు నులుముకుంటూ.

సింధుకేతుడు తట్టతో పడవ అంచున నిలబడిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు. వరాలమ్మ మూటలో తప్ప ఎక్కడా మొగలి వాసన లేదు. స్తంభాల సందుల్లోంచి చూస్తే చంద్రుడు నీటి అంచుకు దిగిపోతున్నాడు. ఇక్కడ వీళ్ళు చీరలు ఆరేసుకుంటున్నారు, అక్కడ మందారిక గొంతు మీదుగా పగడం పాకుతోంది. అడగకుండా ఉండడానికి ఇక అతని వల్ల కాలేదు. దింపితే దింపుతారు, ముంచితే ముంచుతారు అనుకుని, గుండెల్లోని భయమూ కోపమూ దుఃఖమూ అన్నీ కలిపి ఒక్క అరుపు అరిచాడు.

"అసలు మనం ఎక్కడికొచ్చాం? ఈ పడవ ఎక్కడికి పోవాలి? చెప్పండయ్యా ఎవరైనా, ఎక్కడికి?"

అంతే! యజమాని చేతిలో మిగిలిన దండ మాడి మసైంది. పట్టుశాలువా గబ్బిలపు రెక్కలైంది. మొహం మీది నవ్వు రాలి, కర్పూరకంటకుడి అసలు రూపం బయటపడింది. దంతస్తంభాలు నిజంగా దంతాలే. తివాచీ నాలుక. పైన వేలాడుతున్న పచ్చదీపం ఒక బ్రహ్మాండమైన తిమింగిలం నొసటిది.

"ఎవడ్రా అడిగింది?" అని మాంత్రికుడు పళ్ళు పటపటలాడిస్తూ తిరిగి, రాజకుమారుణ్ణి పోల్చుకున్నాడు. "నేను నీ ముత్తాత సభలో సలహాదారుగా చేరి, ఆ రాగిరేకు చెక్కించింది ఇందుకట్రా? అడిగేవాడు ఒక్కడుంటే నా మంత్రం పారదు. అందుకే అడగడమే లేకుండా చేశాను. ఏ పండుగకూ నా తిమికి మేత తక్కువ కాలేదు. తిరిగిరానివాళ్ళు ఎక్కడికి పోయారని అడిగే నాథుడు కూడా లేడు! ఆ రోజు నీ చెల్లెలు అడిగింది, పగడం చేశాను. ఇప్పుడు నువ్వా?"

అప్పుడు తెలిసింది సింధుకేతుడికి, మందారికను వీడెందుకు పట్టాడో. ఒళ్ళంతా మండిపోయింది. "తిమీ, నోరు మూయ్!" అని మాంత్రికుడు నేల మీద కాలితో తన్నాడు. మంత్రం సగం విరిగిన తిమింగిలం మూయాలో వద్దో తెలియక దవడలు వణికించింది. స్తంభాలు కిందికి వాలుతున్నాయి. వరాలమ్మ చీర రెండు పళ్ళ మధ్య చిక్కుకుంది. జనం గోలపెడుతూ పడవ మీదికి పరుగులు తీశారు.

సింధుకేతుడు దొంతిలోంచి జీవాకు లాగి తలపాగాలో దోపుకున్నాడు. అప్పడాల్ని రెండు చేతులా ఫెళఫెళ నలిపి, ఆ మిరియాల పొడినంతా తట్టతో సహా గొంతు లోపలికి విసిరాడు. తిమింగిలం ఊపిరి లోపలికి పీల్చింది. ఇంకా పీల్చింది. ఆపైన తుమ్మింది చూడండి, మాంత్రికుడు గాలిపటంలా ఎగిరి చీకట్లో పడ్డాడు, పడవ సగం దూరం జారి దంతాల దగ్గర ఆగింది.

"తొయ్యండి! తెడ్లు వెయ్యండి!" అని అరిచాడు సింధుకేతుడు.

"ఆగండి!" అని చేతులు అడ్డంపెట్టాడు మార్జాలభట్టు. "ఒంటి తుమ్ము! ఒంటి తుమ్ముకు అడుగు కదపరాదు. రెండోది పడాలి."

నమ్ముతారో లేదో, ఎత్తిన తెడ్లు ఎత్తినట్టే ఆగిపోయాయి! నోరు మూసుకుపోతోంది, నెత్తి మీద కోరలు దిగుతున్నాయి, జనం మాత్రం బుద్ధిగా రెండో తుమ్ము కోసం కూర్చున్నారు. సింధుకేతుడు తల బాదుకున్నాడు. వరాలమ్మకే ముందు తెలివొచ్చింది. ఊరగాయ జాడీ మూత లాగి, "ఇదిగో, నా తల్లే, తీసుకో!" అంటూ కారమంతా నాలుక మీద బోర్లించేసింది. రెండో తుమ్ము పడింది. శుభశకునం! పడవ తిమింగిలం నోట్లోంచి బయటికి ఎగిరి, అల్లంత దూరాన దభాలున నీళ్ళ మీద వాలింది.

జనం ఒకరినొకరు కౌగిలించుకున్నారు, ఏడ్చారు, దేవుళ్ళకు మొక్కుకున్నారు. "అప్పడాలబ్బాయే మనల్ని బతికించాడు" అని నూకరాజు కళ్ళొత్తుకున్నాడు. తర్వాత మార్జాలభట్టు గొంతు సవరించుకున్నాడు.

"అడిగాడు. అందరూ విన్నారు. మూడుసార్లు అడిగాడు."

"శాస్త్రులుగారూ, ఆ శాసనం మాంత్రికుడు చెక్కించినదండీ! వాడే చెప్పాడు కదా!" అన్నాడు సింధుకేతుడు తలపాగా పైకెత్తి మొహం చూపిస్తూ. "నేను మీ రాజకుమారుణ్ణి. ఎలాగైనా కేతకీద్వీపం చేరాలి, మా చెల్లెలు..."

"అదే చెబుతున్నాను. రాజకుమార్తె అడిగితే దింపాం. రాజకుమారుణ్ణి దింపకపోతే పక్షపాతమని లోకం ఆడిపోసుకోదూ? చెక్కించినవాడు ఎవడైతేనేం, రాగి మంచి రాగే."

కంబళి తల దించుకున్నాడు. గొడుగు గొడుగు తెరిచి దాని వెనక దాక్కున్నాడు. "ఏటనుకోకు బాబు, కట్టుబాటు" అని గొణిగాడు నూకరాజు. ప్రాణాలు కాపాడిన చేతుల్నే పట్టుకుని అంచు దగ్గరికి నడిపించారు. వరాలమ్మ ఏడుస్తూ అడ్డం వచ్చింది. హమ్మయ్య, ఒక్కతైనా అడ్డుపడుతోందనుకున్నాడు సింధుకేతుడు. ఆవిడ అతని చేతిలో పులిహోర పొట్లం పెట్టింది.

"పరగడుపున మునక్కూడదు నాయనా" అంది ముక్కు చీదుతూ.

అతన్ని దింపేశారు.

నీళ్ళు చల్లగా ఉన్నాయి. తలపాగా తడవకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఈదబోయాడు. ఎటు ఈదాలి? తూర్పున మసక మసకగా వెలుతురు లేస్తోంది. ఆ వెలుతురు చూస్తే అతనికి ఏడుపొచ్చింది. "మందారికా, నా వల్ల కాలేదే" అని పైకే అనేశాడు.

అప్పుడు నీళ్ళు పక్కకు తొలగి, నొసట పచ్చదీపంతో తిమింగిలం తల ఎత్తింది. కళ్ళు మిరియాల ఘాటుకు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. మంత్రం పూర్తిగా వదిలినట్టుంది, చూపులో క్రూరత్వం లేదు. చాలా కాలం తర్వాత నోరు తెరిచి మాట్లాడుతున్న ముసలమ్మలా అది బొంగురు గొంతుతో పలకరించింది.

"ఎక్కడికి నాయనా?"

సింధుకేతుడు పుట్టి బుద్ధెరిగాక ఆ మాట తనను ఎవరూ అడగలేదు. తల్లి అడగలేదు, తండ్రి అడగలేదు. వేటకు పోయినా, యుద్ధానికి పోయినా, కొండచిలువ గుహకు పోయినా గుమ్మంలో అందరూ నోళ్ళు కుట్టుకుని నిలబడ్డవాళ్ళే. అపశకునమని భయపడే ఆ మాటలో ఇంత ఆప్యాయత ఉందని అతనికి తెలియదు.

"మా చెల్లెలి దగ్గరికి. కేతకీద్వీపానికి. తెల్లారేలోపు చేరాలి."

"చెప్పావు కదా, ఇక తీసుకెళ్ళగలను. ఎంతమంది వచ్చారు నా నోట్లోకి! ఒక్కరైనా ఎక్కడికో చెప్పి ఎక్కలేదు. ఎక్కు, వీపు గట్టిగా పట్టుకో."

తిమింగిలం తోక విసిరింది. ఆ ఊపుకు సముద్రం రెండుగా చీలింది. చెవుల పక్కన గాలి ఈలలు వేస్తుండగా సింధుకేతుడు ఆ నల్లటి వీపు మీద బోర్లా పడుకుని తలపాగాను గుండెలకు హత్తుకున్నాడు. ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అల్లంత దూరాన, అతన్ని నీళ్ళలో దింపిన పండుగ పడవ మెల్లగా ముక్కు తిప్పుకుని, పచ్చదీపం వెనకాలే వస్తోంది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడిగినట్టు లేదు.

నెత్తి మీదుగా ఏదో రెక్కల చప్పుడయింది. తలెత్తి చూస్తే పెద్ద గబ్బిలం ఒకటి దక్షిణానికే దూసుకుపోతోంది. రెక్కల నుంచి కర్పూరపు వాసన వచ్చింది. వాడు చావలేదు! "అమ్మా, తొందరగా!" అన్నాడు సింధుకేతుడు, తిమింగిలాన్ని అమ్మా అని పిలిచినట్టు గమనించనైనా లేదు.

ఆ వేళకు కేతకీద్వీపపు ఒడ్డున, మొగలిపొదల నడుమ, మందారిక సముద్రం వైపు మొహం తిప్పి నిలబడి ఉంది. తిప్పిన మొహం ఇక తిరగదు. చుబుకం ఎర్రటి పగడమైపోయింది. కింది పెదవి అంచున సన్నటి ఎర్రగీత మెరుస్తోంది. నీటి మీద ఒక పచ్చదీపం ఆమెకు కనబడింది, దాని మీద ఒక మనిషి కనబడ్డాడు. అన్న కాక ఇంకెవరు? ఆకాశంలో నల్లటి రెక్కలు కూడా కనబడ్డాయి. ఆ పిల్ల భయపడలేదు, బతిమాలలేదు. కదలగలిగినంత మేర పెదవులు కదిపి, తనకు అలవాటైన పనే చేసింది.

"అన్నయ్యా, ఎక్కడి..."

దాకా వచ్చావనే మాట పగడంలో చిక్కుకుపోయింది. ఆ సగం ప్రశ్న నీళ్ళ మీదుగా వచ్చి సింధుకేతుడి చెవిన పడింది. "ఇక్కడేనే, వచ్చేశాను!" అని ప్రాణమంతా పెట్టి కేకేశాడు. ఇంకా రాలేదు. అలల అవతలే ఉన్నాడు. తూర్పున సూర్యుడి అంచు కింది నుంచి నీళ్ళను తాకింది, గబ్బిలం మందారిక భుజం మీద వాలింది, సింధుకేతుడు జీవాకును పళ్ళ మధ్య కరిచిపట్టి తిమింగిలం నొసటి మీంచి ఒడ్డు వైపు దూకాడు.